వాడేసిన సూది ఎవరి చేతికి?

రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ తీసుకునే మనిషి పూటకో కొత్త సూది వాడితే ఏడాదికి 730 సూదులవుతాయి. ఇది వైద్యులు చెప్పే పద్ధతి ప్రకారం వేసిన లెక్క. ఒకే సూదితో నాలుగైదు రోజులు నెట్టుకొచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు కనుక అసలు లెక్క కొంత తగ్గొచ్చు. దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10.1 కోట్లని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. వీళ్ళలో ఎక్కువమందికి మాత్రలతోనే సరిపోతుంది, సూది దాకా వచ్చేది కొందరే. కానీ మన జనాభాలో ఆ కొందరూ తక్కువమందేం కాదు. పైగా ఇంట్లో సూది వాడేది షుగరువాళ్ళు మాత్రమే కాదు. ఆపరేషన్ అయ్యాక రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద వేసుకునేవి, సంతానం కోసం చేయించుకునే చికిత్సలో వరసగా వేసుకునే హార్మోన్ ఇంజెక్షన్లు, మంచాన పడ్డ పెద్దవాళ్ళకు నర్సు ఇంటికొచ్చి వేసేవి, గ్లూకోమీటరు కోసం వేలు గుచ్చుకునే లాన్సెట్లు ఉన్నాయి. 2025లో మన మార్కెట్లోకి వచ్చిన మౌంజారో, వెగోవీ లాంటి వారానికో సూది మందులు వాటికి తోడయ్యాయి. ఒకప్పుడు ఆసుపత్రి గడప దాటని వస్తువు ఇవాళ ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంటోంది. వాడాక మాత్రం అరటి తొక్కలతో కలిసి చెత్తబుట్టలోకే పోతోంది.

దీనికి చట్టం లేదనుకుంటే పొరపాటు. చట్టం ఉంది, అదీ రెండు రకాలుగా ఉంది. 2016 మార్చి 28న వచ్చిన బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూలు ప్రకారం, ఇళ్ళలో వైద్యం వల్ల వచ్చే వ్యర్థాన్ని వేరుచేసి విడి సంచిలోనో డబ్బాలోనో పెట్టి మున్సిపల్ చెత్త సేకరించేవాళ్ళకు ఇవ్వాలి. పట్టణ స్థానిక సంస్థలు ఉమ్మడి బయోమెడికల్ శుద్ధి కేంద్రంతో ఒప్పందం చేసుకుని దాన్ని అక్కడికి చేర్చాలి. సరిగ్గా పదకొండు రోజులకు, ఏప్రిల్ 8న, అదే మంత్రిత్వ శాఖ ఘన వ్యర్థాల నిబంధనలు తెచ్చింది. అందులో వాడిన సూదులు, సిరంజిలు పురుగుమందు డబ్బాలు, ట్యూబులైట్లు, పాత బ్యాటరీల పక్కన గృహ ప్రమాదకర వ్యర్థాల జాబితాలో చేరాయి. వాటిని జమ చేసుకునేందుకు ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక కేంద్రం పెట్టాలని, జనం అక్కడికి తెచ్చి ఇవ్వాలని ఆ నిబంధనలు చెప్పాయి. బండివాళ్ళకివ్వాలో, కేంద్రానికి మోసుకెళ్ళాలో ఇంటివాడికి అర్థం కాకపోతే తప్పు ఇంటివాడిది కాదు. ఆ రెండో నిబంధనల చోట 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్తవి వచ్చాయి. మూడు రకాల చెత్త నాలుగు రకాలైంది: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనది. ఈ నాలుగో రకాన్ని అనుమతి పొందిన సంస్థలు సేకరించాలి, లేదా నిర్దేశించిన కేంద్రాల్లో ఇవ్వాలి. రకాలు పెరిగాయి గానీ, సూది గుమ్మం దాటాక ఏ దారిన పోవాలన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

ఆ ప్రశ్న మీద ఇద్దరి మధ్య వాదన పెడుతున్నాను. ఇద్దరూ కల్పితులే. ఒకరు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన పెద్దాయన, మరొకరు విజయవాడలో మెడికల్ షాపు నడుపుకునే నడివయసు మనిషి. వాడిన సూదుల్ని వాటిని అమ్మిన మందుల షాపే వెనక్కి తీసుకోవాలని స్థానిక నియమం రావాలంటాడు పెద్దాయన. కూడదంటాడు షాపతను. నా మొగ్గు పెద్దాయన వైపే. అయితే షాపతని అభ్యంతరాల్లో తేలిగ్గా కొట్టిపారేయదగ్గవి తక్కువ, అందుకే వాటికే ఎక్కువ చోటిచ్చాను.

ఇన్‌స్పెక్టర్: నేనడిగేది చిన్న సంగతి అబ్బాయ్. ఇన్సులిన్ వాడే మనిషి కార్పొరేషన్ ఆఫీసు గడప తొక్కడు. చెత్త కేంద్రం ఎక్కడుందో అతనికి తెలీదు. చెత్త బండి ఈల వినిపించే వేళకు ఏ స్నానంలోనో ఉంటాడు. నీ షాపుకు మాత్రం నెలకోసారి వచ్చి తీరాలి, రాకపోతే మందు ఉండదు. అతను చేతిలో సీసా పట్టుకుని తప్పనిసరిగా వెళ్ళే చోటు ఊరు మొత్తం మీద అదొక్కటే. వచ్చేటప్పుడు నెల రోజుల సూదులు పడ్డ డబ్బా మూత బిగించి తెస్తాడు, నీ దగ్గర ఇచ్చేసి ఖాళీ డబ్బా తీసుకెళ్తాడు. డబ్బా నువ్వు తెరవక్కర్లేదు, సూది ముట్టుకోనక్కర్లేదు. నీ వీధిలో ఉన్న నర్సింగ్ హోముకు బయోమెడికల్ బండి ఎలాగూ వస్తోంది, అదే నీ దగ్గర కూడా ఆగి పట్టుకుపోతుంది. అవసరమైన శుద్ధి కేంద్రం ఉంది, బండి ఉంది, రోగి నడిచే దారీ ఉంది. ఈ మూడింటినీ కలిపే నియమం ఒక్కటే లేదు.

షాపు యజమాని: బాబాయ్ గారూ, నియమం సంగతి తర్వాత, ముందు ప్రమాదం ఎంతో తేల్చండి. రోగం ఉన్నవాడి సూది గుచ్చుకుంటే, టీకా వేయించుకోని వాళ్ళకు హెపటైటిస్-బి అంటే అవకాశం నూటికి ఆరు నుంచి ముప్ఫై దాకా, హెచ్‌ఐవీకి వెయ్యికి మూడు అని పుస్తకాల్లో రాస్తారు. అవి ఆసుపత్రి లెక్కలు. రోగి నరంలోంచి అప్పుడే తీసిన సూది, లోపల రక్తంతో సహా నర్సు చేతికి గుచ్చుకుంటే వచ్చే లెక్కలవి. నేనమ్మే ఇన్సులిన్ పెన్ను సూది పొడవు 4 మిల్లీమీటర్లు, మందం పావు మిల్లీమీటరుకు అటూ ఇటూ. చర్మం కిందికి పోతుందే గానీ నరంలోకి పోదు. దాని మీద రక్తం ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. బుట్టలో ఒక రోజు, బండిలో ఒక రోజు ఎండాక దాంట్లో ఏం మిగులుతుంది? రోడ్డు మీద పారేసిన సూది గుచ్చుకుని హెచ్‌ఐవీ రావడం ప్రపంచంలోనే అత్యంత అరుదు. షుగరు అంటురోగం కాదు. అంటురోగాల లెక్కలు చూపించి షుగరు పేషెంటును దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

ఇన్‌స్పెక్టర్: హెచ్‌ఐవీ మాట ఒప్పుకుంటాను. చెత్త సూదితో అది రావడం చాలా అరుదు, దాన్ని చూపించి జనాన్ని భయపెట్టడం తప్పే. హెపటైటిస్-బి కథ వేరు. ఆ వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం వారం రోజులు బతుకుతుంది. ఇన్సులిన్ వాడేవాడికి షుగరు ఒక్కటే ఉంటుందని ఎవరు చెప్పారు? హెపటైటిస్-బి ఉన్న సంగతి చాలామందికి తెలియను కూడా తెలియదు. ఇంకో మాట. పెన్ను సూదికి మొనలు రెండు. ఒంట్లోకి దిగేది ఒకటి, వెనక మందు గొట్టంలోకి గుచ్చుకునేది ఇంకొకటి. లోపలి చిన్న మూత ముందు మొననే కప్పుతుంది. పెన్నులోంచి తిప్పి తీశాక పెద్ద మూత పెట్టకుండా పడేస్తే వెనక మొన బయటికే ఉంటుంది. మూత పెట్టేశాం కదా అనుకుని పారేసేవాళ్ళు ఈ సంగతి చూడరు. రోగం రావడం అటుంచు, గుచ్చుకున్న కార్మికుడి పరిస్థితి ఆలోచించు. అది ఎవరి సూదో తెలీదు, ఎవర్నీ అడిగే వీల్లేదు. హెచ్‌ఐవీ రాకుండా మందులు వేసుకోవాలని డాక్టరు అనుకుంటే 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు మింగాలి. నెలల తరబడి రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఆ పూట కూలీ పోతుంది, ఇంట్లో భార్యతో చెప్పాలో వద్దో తెలీదు. నూటికి ఎంత అని నువ్వు లెక్క చెబుతున్నావు, వాడు మాత్రం ఆ నెలలన్నీ తనకు వచ్చేసిందనే అనుకుంటూ బతుకుతాడు. ఇంతా చేసి ఆ సూది వల్ల వాడికొచ్చిన లాభం ఏమీ లేదు.

షాపతను చెప్పింది గణాంకంగా సరైనదే. పెద్దాయన కూడా దాన్ని కాదనలేదు. ఆయన వాదన మరో చోట నిలుస్తుంది. ప్రమాదం చిన్నదైనా దాన్ని పుట్టించేవాడు ఒకడు, మోసేవాడు మరొకడు. అలాంటి చోట ప్రమాదం ఎంత అరుదో చెప్పి ఊరుకుంటే సరిపోదు. పుట్టించేవాడికి దాన్ని ఆపడం ఎంత సులువో కూడా చూడాలి. నెలకో డబ్బా మూత బిగించడం కష్టమైన పనేం కాదు. కష్టమల్లా మూత బిగించాక దాన్ని ఏం చేయాలన్న దగ్గర మొదలవుతుంది. సంభాషణ అక్కడికే వచ్చింది.

షాపు యజమాని: సరే, జాగ్రత్త అవసరమే. దానికి నా షాపెందుకు? సూదులన్నీ గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూతకు టేపు చుట్టి చెత్తలో వేయమనండి. అమెరికాలో ఎఫ్‌డీఏ చెప్పేది అదే. సూదుల కోసం చేసిన డబ్బా దొరక్కపోతే బట్టల సోపు ద్రవం వచ్చే దళసరి డబ్బా వాడండి, ముప్పావు వంతు నిండగానే మూసేయండి, మీ ఊరి నియమం ఒప్పుకుంటే చెత్తలో వేయండి అంటారు. అంత పెద్ద దేశంలో పనికొచ్చింది ఇక్కడెందుకు పనికిరాదు? డబ్బా మీద ఎర్ర గుర్తు పెట్టమనండి. పుణెలో శానిటరీ చెత్తకు అలా ఎర్ర చుక్క పెట్టి ఇవ్వడం నేర్పారుగా.

ఇన్‌స్పెక్టర్: నేను ఇరవై ఏళ్ళు వాదించినా ఈ ఒక్కటి అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు. అక్కడ మూతపడ్డ చెత్త సంచి బండిలో పడుతుంది, బండి నుంచి గోతిలో పడుతుంది. మధ్యలో దాన్ని విప్పే చేతులు తక్కువ. మన దగ్గర గుమ్మం నుంచి డంపింగ్ యార్డు దాకా చెత్తను ఎంతమంది విప్పుతారో లెక్కపెట్టు. బండి మీదున్న మనిషి సీసాలు, డబ్బాలు వేరుచేసి పక్కన కట్టుకున్న గోనెసంచిలో వేసుకుంటాడు, ఆ జీతానికి అదే ఆసరా. బండి దింపిన చోట ఇంకొకరు వెతుకుతారు. యార్డులో ఏరుకునేవాళ్ళు సరే సరి. వీళ్ళందరూ వెతికేది ప్లాస్టిక్ కోసమే. పల్చటి నీళ్ళ సీసా కంటే నువ్వు చెప్పే దళసరి డబ్బాకు పాత సామాను కొట్లో ఎక్కువ ధర పలుకుతుంది. అందులో ఏదో ఉంటే తూకానికి తీసుకోరు కాబట్టి మూత విప్పి కుమ్మరించాల్సిందే. కుమ్మరించేది వట్టి చేత్తో. సూదిని ఎంత మంచి డబ్బాలో దాచిపెడితే ఆ డబ్బాను ఎవరో ఒకరు తెరిచే అవకాశం అంత పెరుగుతుంది. ఎర్ర చుక్క గుమ్మం దగ్గర పనిచేస్తుంది, ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఎదురెదురుగా ఉంటారు గనక. మూడో చేయి మారేసరికి ఆ చుక్క మట్టి కొట్టుకుపోతుంది, ప్లాస్టిక్ ధర మాత్రం తగ్గదు.

షాపు యజమాని: అలాంటప్పుడు డబ్బా మానేసి సూదినే విరిచేయమనండి. సూది కాల్చే మిషన్లు, హబ్ కట్టర్లు ఉన్నాయిగా.

ఇన్‌స్పెక్టర్: టీకాలు వేసే నర్సమ్మ దగ్గర హబ్ కట్టరు ఉండాలి, ఉంటుంది కూడా. ఇంటింటికీ ఒకటి కొనమంటే ఎవరు కొంటారు? ఇన్సులిన్ సిరంజికి సూది అతికించే వస్తుంది, ఊడదీయడం కుదరదు. చేత్తో వంచబోతే గుచ్చుకునేది వాళ్ళకే. నాశనం చేయడం మాత్రం ఎక్కడో ఒకచోట తప్పదు. గుజరాత్‌లో మొడాసాలో 2009లో ఏమైందో నీకూ తెలుసు. వాడిన సిరంజిలు మళ్ళీ వాడకంలోకి వచ్చి 240 మందికి పైగా హెపటైటిస్-బి అంటుకుంది, చాలామంది చనిపోయారు. పారేసిన సిరంజిలు పోగేసి తిరిగి అమ్మే వ్యాపారం అప్పుడు బయటపడింది.

షాపు యజమాని: మొడాసా క్లినిక్కుల సరుకు బాబాయ్ గారూ. ఇంటి ఇన్సులిన్ సిరంజి ఒక మిల్లీలీటరుది, దాన్ని కడిగి మళ్ళీ అమ్మేవాడెవడూ లేడు. అక్కడి భయం తెచ్చి ఇక్కడ అంటించకండి.

ఇన్‌స్పెక్టర్: నిజమే, ఆ ఉదాహరణ వెనక్కి తీసుకుంటున్నాను. నాకు డబ్బా ఒక్కటి చాలు.

మొడాసాను ఇక్కడ వదిలేయడం మంచిదే. భయపెట్టే ఉదాహరణ ఎంత పెద్దదైనా, వాదిస్తున్న విషయానికి అతకకపోతే వినేవాడు తక్కినవి కూడా నమ్మడు. డబ్బా వాదన మాత్రం నాకు గట్టిగా అనిపిస్తుంది. చెత్త నియమాలు రాసేవాళ్ళు సాధారణంగా వస్తువు ప్రమాదాన్ని బట్టి రాస్తారు. ఆ వస్తువును ఎవరు, ఎందుకు, ఏ ఆశతో తెరుస్తారో చూడరు. మన ఊళ్ళలో చెత్తను వేరుచేసే పని ఎక్కువభాగం నడిచేది ఆ ఆశ మీదే. ఏరుకునేవాళ్ళ వల్ల యార్డుకు చేరే ప్లాస్టిక్ తగ్గుతోంది, అందుకు వాళ్ళకు ఊరు రుణపడి ఉంది. అలాంటి చోట సూదికి పనికొచ్చే దారి ఒక్కటే: ఎవరో తెరిచే చెత్తలోకి అది అసలు రాకూడదు. గట్టి డబ్బా, టేపు, ఎర్ర గుర్తు అవసరమే గానీ అవి ఆ దారికి తోడు మాత్రమే. పెద్దాయన అంత సూటిగా చెప్పలేదు గానీ, ఆయన మాటల సారం ఇదే.

షాపు యజమాని: చెత్తలో కలవకూడదంటే దానికీ చట్టంలో ఏర్పాటుంది. సేకరించేవాళ్ళకు విడిగా ఇవ్వమంది. మన రాష్ట్రంలో 2021 అక్టోబర్ 2న ఇదే విజయవాడలో క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమం మొదలుపెట్టి పట్టణాల్లో ఇంటింటికీ మూడు బుట్టలు పంచారు. తడికి ఆకుపచ్చ, పొడికి నీలం, ప్రమాదకరమైన వాటికి ఎరుపు. సూది వెళ్ళాల్సింది ఆ ఎర్ర బుట్టలోకే. కార్పొరేషన్ తన పని తను చేస్తే నా కౌంటరు దాకా ఎందుకు రావాలి? వాళ్ళు చేయని పనిని నా నెత్తిన పెడుతున్నారు.

ఇన్‌స్పెక్టర్: ఎర్ర బుట్ట ఇంట్లో ఉండటం ఒకటి, బండిలో ఎర్ర గది ఉండి దాన్ని విడిగా దింపుకునే చోటుండటం ఇంకొకటి. బండిలో రెండు అరలుంటే మూడో బుట్ట ఆ రెంటిలో ఒకదాంట్లోకే పోతుంది. అది ఒక్కసారి కళ్ళారా చూసిన ఇల్లాలు రెండో రోజు నుంచి ఎర్ర బుట్ట వేరుగా ఎందుకు పెడుతుంది? గుమ్మం దగ్గర విడిగా తీసుకోవడం అసాధ్యమని నేననను. 2020లో కోవిడ్ రోగులున్న ఇళ్ళ నుంచి పసుపు సంచుల్లో తీసుకోవాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది, తీసుకున్నారు. కానీ అప్పుడు ఏ ఇంట్లో రోగి ఉన్నాడో జాబితా ఉంది. సూది వాడే ఇళ్ళకు జాబితా లేదు, ఉండకూడదు కూడా. ఫలానా ఇంట్లో జబ్బుందని వీధికి చెప్పే నియమం మంచి నియమం కాదు. ఇక కేంద్రాల సంగతంటావా? విజయవాడ కార్పొరేషన్ విస్తీర్ణం దాదాపు 62 చదరపు కిలోమీటర్లు. 2016 నాటి నిబంధన ప్రకారం 20కి ఒకటి చొప్పున లెక్కేస్తే నాలుగు కేంద్రాలు చాలు. 2011 జనాభా లెక్కల్లోనే పది లక్షలు దాటిన ఊరది. కాళ్ళు తిమ్మిరెక్కే షుగరు పేషెంటు పది సూదులు పట్టుకుని ఆటో ఎక్కి, ఏ వేళకు తెరుస్తారో కనుక్కుని వెళ్ళి ఇవ్వాలి. చట్టం లెక్క ప్రకారం అంతా సక్రమమే, కాకపోతే ఒక్క మనిషీ వెళ్ళడు.

షాపు యజమాని: నా షాపుకైతే వస్తారు, అదే నా బాధ. రిటైల్ లైసెన్సుకు చట్టం అడిగే చోటు 10 చదరపు మీటర్లు. నాది అంతకంటే ఓ జానెడు ఎక్కువ. అందులో ఫ్రిజ్, అరలు, ఫార్మసిస్టు, నేను. ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్ పక్కనే వాడిన సూదుల డబ్బా పెడితే కొనడానికొచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? మీరు సూదులంటారు, జనం కట్టు గుడ్డలు, డైపర్లు, కాలం తీరిన మాత్రలు కూడా తెస్తారు. వద్దంటే నాతో గొడవ. అన్నిటికన్నా పెద్దది చట్టం సంగతి. బయోమెడికల్ వ్యర్థం దగ్గర పెట్టుకున్నవాడు కాలుష్య మండలి అనుమతి చూపించాలంటారు. 48 గంటలకు మించి ఉంచకూడదంటారు. బండి రాని వారం తనిఖీకొస్తే కేసు నా మీద రాస్తారు, మీ మీద కాదు.

ఇన్‌స్పెక్టర్: నలభై ఎనిమిది గంటల నియమం సూదులకు కాదు అబ్బాయ్. అది శరీర భాగాలకు, రక్తం అంటిన గుడ్డలకు, ప్రయోగశాలల జీవ వ్యర్థాలకు. కుళ్ళే వాటికన్నమాట. మొనదేలిన వాటికి చెప్పింది వేరు: సూది గుచ్చుకుని బయటికి రాని, కారని, మళ్ళీ తెరవరాని తెల్లటి అర్ధపారదర్శక డబ్బాలో వేయాలి. వాటిని వేడితో శుద్ధి చేసి, తర్వాత ముక్కలు చేయాలి, లేదా సిమెంటులోనో లోహపు డబ్బాలోనో బిగించేయాలి. కనుక పదిహేను రోజులకోసారి బండి వచ్చినా కొంప మునగదు. అనుమతి విషయంలో నీ భయం సరైనదే. అందుకే నేను నిన్ను దానం చేయమనడం లేదు, నియమం రాయమంటున్నాను. కార్పొరేషన్ తన సేకరణ కేంద్రంగా నీ షాపును కాగితం మీద ప్రకటించాలి. డబ్బా కార్పొరేషన్‌ది, శుద్ధి కేంద్రంతో ఒప్పందం కార్పొరేషన్‌ది, తనిఖీకొచ్చినవాడికి జవాబు చెప్పాల్సింది కార్పొరేషన్. నీ దగ్గర పెట్టే పెద్ద డబ్బా నోరు ఆ చిన్న డబ్బా పట్టేంతే ఉంటుంది, డైపరు తెచ్చినా దూరదు. ఇష్టం లేని షాపు చేరక్కర్లేదు. వార్డుకు మూడు నాలుగు చేరినా ఇరవై చదరపు కిలోమీటర్లకు ఒకటి కంటే ఎన్నో రెట్లు మేలు.

షాపు యజమాని: డబ్బా డబ్బులెవరివి? బండి డబ్బులెవరివి? చివరికి స్ట్రిప్పు మీద పది రూపాయలు నన్నే పెట్టుకోమంటారు.

ఇన్‌స్పెక్టర్: చేసినవాడివి. ఫ్రాన్స్‌లో 2010లో ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది, 2012 చివర్లో దాస్త్రి అనే సంస్థకు అనుమతి ఇచ్చారు. ఇన్సులిన్ సూదులు, లాన్సెట్లు తయారుచేసే కంపెనీలు చందా కడతాయి. మందుల షాపులో పేషెంటుకు పసుపు డబ్బా ఉచితంగా ఇస్తారు, నిండింది సేకరణ కేంద్రంలో తీసుకుంటారు. ఆ కేంద్రాల్లో చాలావరకు మళ్ళీ మందుల షాపులే. కాలిఫోర్నియా దారి వేరు. మన తెలుగువాళ్ళు అంతమంది ఉన్న రాష్ట్రమే. అక్కడ ఇంటి సూదులు చెత్తలో వేయకూడదని చట్టం చేసి 2008 సెప్టెంబర్ 1 నుంచి అమలు పెట్టారు. వేయొద్దన్నారు సరే, ఎక్కడ వేయాలో డబ్బు పెట్టి చూపించలేదు. పదేళ్ళు చూసి 2018లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది, సేకరణ ఖర్చు తయారీదారులే పెట్టుకోవాలని. మనం ఆ పదేళ్ళూ దాటేయొచ్చు. మనకూ ఇది కొత్త ఊహ కాదు. వాడి పారేసే సరుకు తయారుచేసేవాళ్ళు స్థానిక సంస్థలకు ఆర్థిక సాయం చేయాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే ఉంది. 2022లో ప్లాస్టిక్ ప్యాకింగుకు, బ్యాటరీలకు, ఎలక్ట్రానిక్ చెత్తకు తయారీదారుల బాధ్యత గట్టిగా రాశారు. బ్యాటరీకి రాసింది సూదికి రాయకపోవడానికి కారణం నాకు కనపడదు.

షాపు యజమాని: ఫోనులో ఆర్డరిచ్చి ఇంటికి తెప్పించుకునేవాళ్ళ సంగతేంటి? లాభం వాళ్ళకు, వాళ్ళమ్మిన సూదులు నా డబ్బాలోకా?

ఇన్‌స్పెక్టర్: ఎవరు అమ్మినా తయారుచేసినవాడు కట్టే చందా ఒక్కటే. నీకు డబ్బాకింత అని ఇవ్వాలి, ఎవరి దగ్గర కొన్నా సరే. సరుకు ఇంటికి తెచ్చే కుర్రాడి చేత డబ్బా వెనక్కి పంపించాలని మాత్రం నేననను. ఆ కుర్రాడి సంచిలో పక్కనే ఎవరి అన్నమో ఉంటుంది.

ఈ జవాబు షాపతనికి పూర్తిగా నచ్చినట్టు రాయలేను, నాకే పూర్తిగా నచ్చలేదు. డబ్బాకింత అని ఇచ్చే ఏర్పాటు కేంద్రం చట్టం చేస్తేనే కుదురుతుంది. కార్పొరేషన్ బైలాతో అయ్యే పని కాదు. అప్పటిదాకా ఖర్చు కార్పొరేషనే భరించాలి. ఊరి మొత్తం చెత్త ఖర్చు ముందు ఇది పెద్ద మొత్తం కాకపోవచ్చు, కానీ ఏ పద్దులో రాయాలో తేలని ఖర్చు చిన్నదైనా ఏ ఆఫీసులోనూ కదలదు. జరిమానాల మాట ఇద్దరూ ఎత్తలేదు, మంచి పని చేశారు. బైలాల్లో అక్కడికక్కడే జరిమానా వేసే అధికారం ఉన్నా, చెత్త కుప్పలో దొరికిన సూది ఎవరిదో తేల్చే సాధనం లేదు. ఒకవేళ ఉన్నా, జనం సూదుల్ని చెత్తలో వేయడం మానేసి కాలవలో వేస్తారు.

షాపు యజమాని: ఊరి సంగతి ఇంత చెప్పారు, పల్లెల్లో ఏం చేస్తారు? అక్కడ సూది వేసేది ఆర్‌ఎంపీ, గేదెకు వేసేది గోపాలమిత్ర. మందుల షాపు మండల కేంద్రంలో ఉంటుంది. బయోమెడికల్ బండి ఆ ఊరి మొహమే చూడదు.

ఇన్‌స్పెక్టర్: అక్కడ షాపు వద్దు, ఉపకేంద్రం చాలు. టీకాల సూదులు ఏఎన్ఎం ఎలాగూ హబ్ కట్టరుతో కత్తిరించి పీహెచ్‌సీకి చేరుస్తుంది. ఇంటి ఇన్సులిన్ డబ్బా టీకా రోజున ఆమెకిస్తే అదే దారిన పోతుంది. గేదె సూది పశువుల ఆసుపత్రికి పోవాలి, పశువైద్య సంస్థలకూ బయోమెడికల్ నిబంధనలు వర్తిస్తాయి. దొడ్లో పడేసిన పశువుల సూది ఇన్సులిన్ సూది కన్నా ఎంతో మందం, చెప్పులు లేని కాలికి నేరుగా దిగుతుంది. నిజం చెప్పాలంటే పల్లెలో నేను మొదట పట్టుకునేది దాన్నే.

షాపు యజమాని: సరే బాబాయ్ గారూ, వార్డులో నా షాపు చేరుస్తాననుకోండి. నాకు కాగితం కావాలి. సేకరణ కేంద్రంగా ప్రకటించిన ఉత్తర్వు నకలు ఫ్రేము కట్టి లైసెన్సు పక్కన పెట్టుకుంటాను. బండి వచ్చి డబ్బా తీసుకున్న ప్రతిసారీ తేదీ వేసి సంతకం చేయాలి. రెండు విడతలు బండి రాకపోతే నా డబ్బాకు తాళం వేసి, బండి రానందున తీసుకోబడదు అని బయట బోర్డు పెడతాను. అప్పుడు నన్ను తిట్టకూడదు.

ఇన్‌స్పెక్టర్: పెట్టు. బోర్డు కింద వార్డు ఆఫీసు ఫోను నంబరు కూడా రాయి, కాస్త పెద్దక్షరాలతో.